జోడి మగ్గం

ఆ సోమవారం పొద్దున వెంకట్రాజం కార్ఖానా తలుపులు తెరిచే ఉన్నాయి గానీ, లోపల ఏ మగ్గం మీదా పడుగు లేదు. శనివారం సాయంత్రం సగం నేసి వదిలి వెళ్ళిన జంపఖానాలను ఎవరో పడుగుతో సహా కోసి, చుట్టి, మూలకు విసిరేశారు. నేతగాడు చచ్చిన ఇంట్లో తప్ప సగంలో ఉన్న పడుగును ఎవరూ కోయరు. వరంగల్ కొత్తవాడలో పుట్టిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. అందుకే వచ్చినవాళ్ళు వచ్చినట్టే గుమ్మంలో నిలబడిపోయారు. రాజమల్లు ఒక్కడే లోపలికి వెళ్ళి తన మగ్గం దగ్గర కూర్చుని తెగిన పోగులను వేళ్ళతో తడిమి చూశాడు.

కాసేపటికి వెంకట్రాజం వచ్చాడు. ఆయనా ఈ వాడవాడే, ఈ కులంవాడే. ఒకప్పుడు ఇదే మగ్గం గుంటలో కాళ్ళు దింపి నేసినవాడే. అప్పుడు అందరికీ రాజం మామ. జంపఖానాలు ఓడలెక్కి జర్మనీకి పోవడం మొదలైన నాటి నుంచి ఆయన సేటు అయ్యాడు. మామా అని పిలిస్తే వినపడని చెవుడు కూడా ఆ మధ్యనే వచ్చింది.

సేటు చేతిలో చాపముక్కంత నేత పట్టా ఒకటి ఉంది. జర్మనీ కంపెనీకి ఇక పెద్ద జంపఖానాలు వద్దట. అక్కడి వాళ్ళు స్నానం చేసి బయటికి వచ్చాక కాళ్ళు తుడుచుకోవడానికి ఇంతింత పట్టాలు కావాలట. ఇకమీద ఇవే నేయాలి. నేసేది ఇంత చిన్నదైనప్పుడు మగ్గానికి ఇద్దరు దండగ.

"గుంటకొక్కడు చాలు," అన్నాడు సేటు. "ఎవలుంటరో ఎవలు పోతరో నేను చెప్ప. మీది మీరే తేల్చుకోండ్రి. రేపు నన్ను అనొద్దు."

వరంగల్ జంపఖానా సంగతి తెలియనివాళ్ళకు ఈ మాటలోని విషం అర్థం కాదు. అది వెడల్పాటిది, ఒక్కడి చేతికి అందదు. మగ్గం గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఎడమవాడి పేక, కుడివాడి పేక నడుమ కలుసుకోవాలి. ఇనుప పంజాతో పేకను దగ్గరికి కొట్టేటప్పుడు ఒకడి దెబ్బ గట్టిగా, ఇంకొకడి దెబ్బ మెత్తగా పడితే జంపఖానా వంకరపోతుంది. జోడి కుదరడం పెళ్ళి కుదరడం కన్నా కష్టమని వాడలో అంటారు. రాజమల్లు, కట్టయ్య మీసాలు రాని వయసులో ఒకే గుంటలో దిగారు. రాజమల్లు ఎడమ, కట్టయ్య కుడి. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటారు. ఒకడికి జ్వరం వస్తే రెండోవాడు ఆ రోజు గుంటలో దిగడు. అలాంటి జోడీలు ఆ కార్ఖానా నిండా ఉన్నాయి. సేటు వాళ్ళందరి నడుమ కత్తి పెట్టి, పిడి మాత్రం వాళ్ళ చేతికే ఇచ్చి పోయాడు.

ఆ రోజు రాజమల్లు, కట్టయ్య మర్యాదలకు పోయారు. నువ్వుండు బావా అంటే నువ్వుండు బావా అనుకున్నారు. నీ పిల్లలు చిన్నవాళ్ళని ఒకరు, నీ ఇంట్లో ముసలి తల్లి ఉందని ఇంకొకరు. ఆ మర్యాద ఇల్లు చేరేదాకా నిలిచింది. ఇంట్లో పొయ్యి కనిపించగానే ఎవరి ఆకలి వాళ్ళకు గుర్తొచ్చింది. రాజమల్లు భార్య భారతి పిల్లలకు అన్నం పెడుతూ అతని ముఖం వైపు ఒకసారి చూసింది. ఆ ఒక్క చూపుతో, తెల్లారితే తానే ఉండాలని రాజమల్లు మనసులో అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు వాడలో జోడీలు జోడీలుగా కొట్లాడుకున్నారు. ఒక జోడి అన్నదమ్ములు, చొక్కాలు పట్టుకున్నారు. సేటు ఇదంతా చూసి చాలా బాధపడినట్టు ముఖం పెట్టి, మనలో మనకు కొట్లాటలెందుకు, కులపెద్దలున్నారు గదా అన్నాడు. మార్కండేయ గుడిలో పంచాయితీ పెట్టారు. పెద్దల వరసలో నడుమ కూర్చున్నది ఎవరు? సేటే. దొంగ చేతికే తాళాలిచ్చినట్టయింది.

ఒక్కో జోడిలో ఉండేదెవరో చీటీలు వేసి తేలుద్దామన్నారు పెద్దలు. పండుగ దాకా ఓపిక పట్టండి, మనోడే గదా, పెద్ద ఆర్డరు రాగానే అందరినీ తీసుకుంటాడన్నారు. మనోడు అనే మాట దగ్గరే వాళ్ళు పడిపోయారు. బయటివాడైతే గల్లా పట్టుకునేవాళ్ళు. కులం మాట కాదంటే రేపు పిల్ల పెళ్ళికి గడప తొక్కేవాడుండడు, పీనుగ మోసేవాడుండడు. దేవుడి ముందు పూజారి చీటీలు తీశాడు. రాజమల్లు పేరొచ్చింది. కట్టయ్య గర్భగుడి వైపు చేతులు జోడించి, దేవుడి మాట అని బయటికి నడిచాడు. ఎవరూ సేటును ఒక్క మాట అడగలేదు. సేటు చేసిన పని కాస్తా దేవుడు చేసిన పని అయిపోయింది. బువ్వ పోయినవాడు తన గ్రహచారాన్ని తిట్టుకున్నాడు, బువ్వ మిగిలినవాడు తలదించుకున్నాడు. సేటు మాత్రం కొబ్బరికాయ కొట్టి ఇంటికి పోయాడు.

కట్టయ్య గింజల మార్కెట్లో హమాలీ పనికి కుదిరాడు. సన్న పోగును ముట్టుకుంటేనే దాని బిగువు చెప్పగల చేతులు బస్తాల కింద పుండ్లు పడ్డాయి. ఒకనాడు భారతి చాటలో బియ్యం పోసుకుని వాళ్ళింటికి వెళ్ళింది. కట్టయ్య భార్య మొగిలమ్మ గడపలోనే ఆపింది.

"గివి మీ బియ్యం గాదు భారతీ, మా గుంటల బియ్యం," అన్నది. "ఇయ్యదల్చుకుంటే గుంట సగమియ్యి. బియ్యం నాకెందుకు?"

భారతి చాట ఎత్తుకుని వెనక్కి వచ్చింది. అప్పటి నుంచి నీళ్ళ నల్లా దగ్గర ఆ ఇంటి ఆడవాళ్ళు ఈ ఇంటి ఆడవాళ్ళతో మాట్లాడలేదు. వాడంతా అలాగే రెండుగా చీలింది, ఉన్నోళ్ళు, పోయినోళ్ళు అని.

ఉన్నోళ్ళకు మాత్రం ఏం సుఖం దక్కింది? పట్టా రంగు నమూనా కన్నా వెంట్రుకవాసి తేడా వస్తే పక్కకు విసిరేశారు. పండుగ వచ్చింది, పోయింది, పెద్ద ఆర్డరు మాత్రం రాలేదు. ఆ తర్వాత సేటు కూలి కోశాడు. ఇదేందని రాజమల్లు అడిగితే సేటు గొంతు పెంచకుండానే జవాబిచ్చాడు.

"నీకు గిట్టకపోతే లే. నీ గుంటల దిగటానికి బయట ఒకడు తయారుగున్నడు."

ఆ బయట ఉన్నవాడెవడో రాజమల్లుకు తెలుసు. కట్టయ్యను చూపించి తనను బెదిరిస్తున్నాడు. రేపు కట్టయ్యను తెచ్చి కూర్చోబెడితే తనను చూపించి కట్టయ్యను బెదిరిస్తాడు. అంత చిన్న సంగతి తలకెక్కడానికి ఇన్ని నెలలు పట్టింది, ఛీ అనుకున్నాడు.

కొందరు పోగై హన్మకొండ సుబేదారిలోని లేబరు ఆఫీసుకు వెళ్ళారు. పంఖా కింద కూర్చున్న సారు వాళ్ళ మాట సాంతం విని, మీరు చట్టం ప్రకారం కార్మికులు కారు, హస్తకళాకారులు, మీకు యజమాని అంటూ లేడు అని సెలవిచ్చాడు. తాము కళాకారులమని వాళ్ళకు ఆ రోజే తెలిసింది. అక్కడి నుంచి సేటు దగ్గరికి పోతే ఆయన బొంబాయి ఏజెంటును చూపించాడు. ఏజెంటు చూపించేది కంపెనీని. కంపెనీ ఉన్నది సముద్రాల అవతల. ఎవరి గల్లా పట్టుకోవాలి? హన్మకొండ రోడ్డు మీద నడిచి వస్తుంటే రాజమల్లుకు ఏడుపు రాలేదు, ఎవరినైనా కొట్టాలనిపించింది. కొట్టడానికి కూడా మనిషి దొరకని బతుకైపోయింది.

అలాంటప్పుడు ఆ కబురు వచ్చింది. జర్మనీ దొర వస్తున్నాడు. కంపెనీ వాళ్ళు బొమ్మల పుస్తకమొకటి అచ్చేస్తారట. అందులో వరంగల్ నేతగాళ్ళు జోడీలుగా కూర్చుని తాతలనాటి జంపఖానా నేస్తున్న ఫోటోలు ఉండాలట. కాళ్ళు తుడుచుకునే గుడ్డకు కూడా పురాతన కళ అని పేరు పెడితేనే అమ్ముడుపోతుందట. సేటు పెద్ద పడుగులు ఎక్కించాడు. తీసేసినవాళ్ళను ఆ ఒక్క రోజు పిలుచుకు రమ్మన్నాడు. ఒక పూట కూలి, టిఫిను ఇస్తానన్నాడు. చొక్కాలు వేసుకోవద్దన్నాడు. ఒంటి మీద గుడ్డ లేకపోతే ఫోటో బాగా వస్తుందట.

కట్టయ్యను పిలిచే పని రాజమల్లు మీద పడింది. మార్కెట్లో బస్తాల వరస మధ్య కట్టయ్య ముఖం తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"ఫోటో కోసం కూసోబెట్టి, ఫోటో అయినంక లేపుతడా? దానికి నువ్వొచ్చి పిలుస్తానవా బావా?"

ఏం చెప్పబోతున్నాడో నోరు తెరిచేదాకా రాజమల్లుకే తెలియదు.

"లేపితే లేవకుంటే ఏమైతది బావా?"

కట్టయ్య అతని వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ తర్వాత మోయబోయిన బస్తా వదిలేసి పక్కన కూర్చున్నాడు.

ఆదివారం చర్చి ప్రార్థన అయ్యాక దీనమ్మ ఇంటి ముందు మీటింగు పెట్టుకున్నారు. దీనమ్మ సేటు దగ్గరే నూలుకు రంగులద్దే పని చేస్తుంది. మోచేతుల దాకా నీలమూ ఎరుపూ కలిసిపోయి, తోలు ఊడుతూ ఉంటుంది. మార్కండేయ గుడిలో కూర్చుంటే సేటు చెవులు గోడలకు మొలుస్తాయని ఈ చోటు చూసుకున్నారు. చర్చి సందులోని ఇంటికి రావడానికి ముసలివాళ్ళు కొందరు నసిగారు. దీనమ్మ మంచినీళ్ళు తెస్తే చేతులు చాచలేదు. మొగిలమ్మ చెంబు అందుకుని గటగటా తాగి, ఇంకెవరికి కావాలె అని అడిగింది. రెండో చెంబు రాజమల్లు అందుకున్నాడు. ఆ తర్వాత చెంబు చేతులు మారుతూ పోయింది.

మొదట అందరూ ఒకేసారి అరిచారు. పోయినోళ్ళు ఉన్నోళ్ళను తిట్టారు. మాది మాత్రం కూలి కొయ్యలేదా అని ఉన్నోళ్ళు ఎదురు తిరిగారు. పట్టాలన్నీ కుప్పపోసి కాలబెడదామని ఒక పడుచువాడన్నాడు. మన చేతులతో నేసింది మనం కాలబెట్టుడేందని ముసలివాళ్ళు కసిరారు. దీనమ్మ కూతురు విమల యూనివర్సిటీలో సోషియాలజీ చదువుతోంది. ఆ రోజుల్లో వరంగల్ కాలేజీ గోడల మీద ఎర్ర రాతలు లేని చోటు వెతకాల్సిందే. విమల ఆ రాతలూ చదివింది, పుస్తకాలూ చదివింది. ఇన్ని రోజులూ నూలు రంగు ఉడికే వాసనలోనే కూర్చుని చదివింది కాబట్టి రెంటినీ పూర్తిగా నమ్మే స్వభావం పోయింది.

"లోకమంతా ఒక్క ఊరైతాందని మా క్లాసుల చెప్తాండ్రు," అన్నది విమల. "నేను అడిగిన. ఊరంటే దొర గడీ గూడ ఉంటది గదా, గడీ ఏడున్నది సార్ అని. ఆ ముచ్చట సిలబస్‌ల లేదన్నరు."

ఎవరూ నవ్వలేదు. గడీ అంటే దొర కోట. అక్కడి దెబ్బలేమిటో ఆ ముసలివాళ్ళ వీపులకు తెలుసు.

"గడీ ఏడున్నా, దొర మన వాడకే వస్తాండు గదా," అన్నది మొగిలమ్మ. "ఈడనే కూసోబెట్టి అడుగుదాం."

ఏమని అడగాలన్న దగ్గర మళ్ళీ గొడవ మొదలైంది. కాళ్ళ పట్టాలు వద్దు, పెద్ద జంపఖానాలే నేస్తామని అడుగుదామన్నారు కొందరు. అప్పుడు కట్టయ్య లేచి, పుల్లతో నేల మీద మగ్గం గీశాడు. వెడల్పు పడుగు అట్లనే ఉంచి, ఎడమ ఒక పట్టా, కుడి ఒక పట్టా పక్కపక్కన నేస్తే అడ్డమేమిటి? మగ్గమూ అదే, గుంటా అదే, పట్టాలు రెండు దిగుతాయి. ఇది సేటుకు తెలియదా? ఆయనా ఇదే గుంటలో పెరిగినవాడు. తెలిసే ఒకడిని లేపాడు. లేచినవాడు బయట కనబడుతుంటేనే కూర్చున్నవాడు వణుకుతాడు.

ఇన్నాళ్ళూ వాళ్ళు జర్మనీ వాళ్ళ కాళ్ళను తిట్టుకున్నారు, చీటీ తీసిన దేవుణ్ణి తిట్టుకున్నారు, ఒకరినొకరు తిట్టుకున్నారు. ఒక అన్నం ముద్దను ఇద్దరి నడుమ పడేసి తమాషా చూసినవాణ్ణి మాత్రం మనోడే అంటూ వచ్చారు. రాజమల్లు లేచాడు. అతనికి మీటింగుల్లో మాట్లాడే అలవాటు లేదు.

"సీటీల నా పేరొచ్చిందని ఇన్ని దినాలు కూసున్న. నేన్ కూసున్నది మా బావ రొమ్ము మీద," అన్నాడు. "ఫోటోలైనంక గుంటలకెల్లి మొదలు నేనే లేవ. ఎవలన్న భయపడితే ఇప్పుడే చెప్పుండ్రి."

భయం అందరికీ ఉంది. అయినా ఎవరూ చెప్పలేదు.

దొర వచ్చిన రోజు కార్ఖానాకు సున్నం వేశారు, గుమ్మానికి మామిడాకులు కట్టారు. జోడీలన్నీ పంచెలు కట్టుకుని గుంటల్లో దిగాయి. కట్టయ్య కుడివైపు కూర్చుని పంజా అందుకుంటే అరచేతి పుండ్లు చిట్లాయి. రాజమల్లు అది చూసి తన దెబ్బ నెమ్మది చేశాడు. కాసేపటికి ఇద్దరి దెబ్బా ఒకటైంది. నడుమ పేక కలిసిన చోట ఇద్దరి వేళ్ళూ తగిలాయి. దొర పొడుగాటివాడు, మెత్తటివాడు. కెమెరాతో అటు వంగి ఇటు వంగి ఫోటోలు తీసుకుని, వందర్‌ఫుల్, వందర్‌ఫుల్ అన్నాడు. సేటు ముఖం వెలిగిపోయింది.

ఫోటోలు అయిపోయాయి. సేటు చప్పట్లు కొట్టి, పోయినోళ్ళు వాకిట్లోకి వచ్చి టిఫిను తినొచ్చన్నాడు. ఎవరూ లేవలేదు. సేటు మళ్ళీ అన్నాడు. పంజాలు ఆగిపోయాయి, మనుషులు మాత్రం కదలలేదు.

కట్టయ్య గుంటలో కూర్చునే దొరతో మాట్లాడాడు. నూలు మోసే నెపంతో లోపలికి వచ్చిన విమల ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పింది. మీకు కావలసిన చిన్న పట్టాలే నేస్తాం, రెండు పక్కపక్కన నేస్తాం, మగ్గానికి ఇద్దరం ఉంటాం, పాత కూలి ఇవ్వాలి, రంగుల దగ్గర చేతులు పుండ్లు కాకుండా చూడాలి, అంతే. దొర ఓపికగా విన్నాడు. ఆయన కళ్ళలో కొంచెం జాలి కూడా కనిపించింది. తాను కొని పంపేవాణ్ణి మాత్రమేనని, అన్నీ దుకాణాలవాళ్ళు నిర్ణయిస్తారని, దుకాణాలవాళ్ళు కొనేవాళ్ళను బట్టి పోతారని చెప్పాడు. విమల ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పింది.

"ఎవన్నడిగినా ఇంకోన్ని సూపెడ్తరు," అన్నాడు కట్టయ్య. "మాకు సూపెట్టుకోను ఎవడు లేడు. గందుకే ఈడనే కూసుంటం."

దొర కారెక్కి వెళ్ళిపోయాడు. కెమెరా మాత్రం మరిచిపోలేదు. సేటు కారు వెనక పది అడుగులు పరుగెత్తి, ఆగి, ఫోను దగ్గరికి పోయాడు.

పోలీసులు వ్యాను వేసుకుని వచ్చారు. వరంగల్లో ఆ రోజుల్లో పేదవాడు నీళ్ళడిగినా పోలీసులు తొందరగానే వచ్చేవాళ్ళు. ఎస్సై గుంటల మధ్య అటూ ఇటూ తిరిగి న్యాయం చెప్పాడు. పనిలో ఉన్నవాళ్ళతో తగాదా లేదు, వాళ్ళు పని చేసుకోవచ్చు. పనిలో లేనివాళ్ళు పరాయి చోట జొరబడినట్టు లెక్క, వాళ్ళు బయటికి రావాలి. సేటు ఇంతకు ముందు చీటీలతో గీసిన గీతనే ఇప్పుడు లాఠీ గీస్తోంది. ఎవరు ఉన్నోళ్ళు, ఎవరు పోయినోళ్ళు అని ఎస్సై అడిగాడు. ఒక్క నోరూ తెరుచుకోలేదు. సేటు వేలుపెట్టి చూపించడం మొదలుపెట్టాడు. మొదటి వేలు కట్టయ్య మీద పడింది.

ఇద్దరు పోలీసులు కట్టయ్య చంకల కింద చేతులు వేసి గుంటలోంచి లాగారు. పడుగు పట్టుకుని వేలాడితే లాఠీతో చేతి మీద కొట్టారు. పోగుల మీద నెత్తురు పడింది. రాజమల్లు తానే లేచి, ఎవరూ పట్టుకోకుండానే వెళ్ళి వ్యాను మెట్టు మీద కాలు పెట్టాడు. నువ్వు పనిలో ఉన్నవాడివి, నువ్వెందుకు ఎక్కుతున్నావని ఎస్సై అరిచాడు.

"అది జోడి మగ్గం సార్," అన్నాడు రాజమల్లు. "ఒక్కన్ని తీస్కపోతే నడ్వది."

అతని వెనక ఇంకొకడు లేచాడు. ఆ వెనక చొక్కాలు పట్టుకుని కొట్లాడిన అన్నదమ్ములు లేచారు. ఒకడిని లాగితే ఇద్దరొచ్చారు. పోలీసులు మొదట తోశారు, తర్వాత కొట్టారు, ఆఖరుకు వచ్చినవాళ్ళను వచ్చినట్టు ఎక్కించుకున్నారు. వాడ ఆడవాళ్ళంతా గుమ్మం దగ్గర పోగయ్యారు. ఎవరో ఏడుపు అందుకోబోతే దీనమ్మ ఊరుకోమంది.

జోడి మగ్గం గుంటలో ఆడవాళ్ళు దిగే ఆచారం లేదు. వాళ్ళ పని నూలు కండెలు చుట్టడం, పడుగుకు ఆసు పోయడం. మొగిలమ్మ చెంగు నడుముకు దోపుకుని లోపలికి నడిచింది, కట్టయ్య కూర్చున్న చోట కాళ్ళు దింపి కూర్చుంది. పక్క చోటు ఖాళీగా ఉంది. నల్లా దగ్గర ఇన్నాళ్ళు ముఖం తిప్పుకున్న మనిషి వైపు తలెత్తి చూసింది.

"రా భారతీ," అన్నది. "కూసో."

భారతి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఒకరిని ఒకరు పిలుచుకునే పని లేకపోయింది. దీనమ్మ తన రంగు చేతులతో ఒక పంజా అందుకుని దిగింది, విమల ఆమె పక్కన దిగింది. ఆడపోలీసులు లేరు సార్ అని ఒక జవాను ఎస్సై చెవిలో చెప్పాడు. ఎస్సై తుపుక్కున ఉమ్మి, ముందు వ్యానును స్టేషన్‌కు పోనియ్యమని డ్రైవరును తిట్టాడు.

వ్యాను నిండింది. కట్టయ్య, రాజమల్లు ఇనుప జాలీ దగ్గర పక్కపక్కన కూర్చున్నారు. సేటు కార్ఖానాకు తాళం వేద్దామని వెనక్కి తిరిగాడు. గుంటలూ నిండి ఉన్నాయి.